తుపాకీ కథలు: మీ వ్యాసంలో తప్పిన లెక్కలు

సంపాదకుల వారికి నమస్కారం.

గత ఆదివారం అనుబంధంలో, ఇంట్లో కూర్చుని ఈ-బుక్స్‌తో డాలర్లు సంపాదించడం గురించి మీరు వేసిన వ్యాసంలో కౌబాయ్ తుపాకీ కథల మీద ఒక పేరా ఉంది. ఓ మోస్తరు ఇంగ్లిష్ వస్తే చాలట. పాత సినిమాలు నాలుగు చూసి నెలకో వెస్ట్రన్ నవల రాసి అమెజాన్ వారి ఈ-బుక్ దుకాణం కిండిల్‌లో పెట్టేయొచ్చట. 99 సెంట్ల ధర పెట్టినా 70 శాతం రాయల్టీ చేతికొస్తుందట. రెండో తప్పు ఒక్క మాటలో తేలిపోతుంది. అమెరికా దుకాణంలో 70 శాతం రావాలంటే ఈ-బుక్ ధర 2.99 నుంచి 9.99 డాలర్ల మధ్య ఉండాలి. 99 సెంట్లకు వచ్చేది 35 శాతం, అంటే ప్రతికి 35 సెంట్లు. సినిమాలు చూస్తే చాలన్న మొదటి తప్పు మాత్రం అంత తేలిగ్గా తేలేది కాదు. ఈ పుస్తకాల ప్రతులు దిద్దే పనిలో ఉన్నవాళ్లకు రోజూ ఎదురయ్యేది అదే కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఈ కథలు చదివేది ఎవరో చూడాలి. అమెరికాలో వెస్ట్రన్ పాఠకుల్లో వయసు మళ్లినవాళ్లు ఎక్కువ. చాలామంది ఇళ్లలో తుపాకీ ఉంటుంది, కొందరికి గుర్రమూ ఉంటుంది. మన దగ్గర పౌరాణిక నాటకానికి ముందు వరసలో కూర్చునే పెద్దాయన పద్యంలో ఒక పాదం తడబడితే తల అడ్డంగా ఊపుతాడే, వీళ్లూ ఆ బాపతే. కథ కాస్త నెమ్మదిగా నడిచినా ఓర్చుకుంటారు. 1870లో జరిగే కథలో 1873 నాటి రివాల్వర్ కనబడితే మాత్రం పుస్తకం అక్కడే మూసేసి, ఒక్క నక్షత్రం ఇచ్చి, ఎందుకిచ్చారో కూడా రాస్తారు. ఆ తర్వాత పేజీకి వచ్చిన ప్రతివాడూ ముందు చదివేది దాన్నే.

సినిమాల పశ్చిమం వేరు. 1960లలో ఇటలీ దర్శకులు తీసిన కౌబాయ్ సినిమాల్లో మనకు కనిపించే ఎడారి చాలావరకు స్పెయిన్ దక్షిణాన అల్మేరియా ప్రాంతానిది. 1971లో మన కృష్ణ గారు టోపీ పెట్టి గుర్రమెక్కింది ఆ ఊపులోనే, కాకపోతే అక్కడ ఎడారి రాజస్థాన్‌ది. వినోదంగా వాటికి వంక పెట్టేదేమీ లేదు. వాటిని ఆధారం చేసుకుని రాయడమంటే పలచబడిన చారులో మళ్లీ నీళ్లు పోయడమే. హాలీవుడ్ కూడా ఏం తక్కువ తినలేదు. 1870ల కథల్లో 1892 మోడల్ వించెస్టర్ రైఫిల్‌ను ఎన్నిసార్లు వాడారో లెక్కే లేదు.

అమెరికా చూడనివాళ్లు ఈ కథలు రాయకూడదని కాదు. 1970లలో ఇంగ్లండ్‌లో కూర్చుని పేపర్‌బ్యాక్ వెస్ట్రన్లు గుట్టలుగా రాసిన రచయితల బృందానికి ‘పికడిల్లీ కౌబాయ్స్’ అనే పేరే పడింది. వాళ్లు రాసింది ఎడారిలో కాదు, లండన్ చుట్టుపక్కల. కాబట్టి గుంటూరులోనో వరంగల్‌లోనో కూర్చుని రాస్తే వచ్చే నష్టమేమీ లేదు. కథ ఏ సంవత్సరంలో, ఏ ప్రాంతంలో జరుగుతోందో మొదటి రోజే కాగితం మీద రాసిపెట్టుకోకపోతేనే నష్టం. మిగతా వివరాలన్నీ ఆ రెంటి మీదే నిలబడతాయి.

తుపాకీతోనే మొదలుపెడదాం. 1869 వరకూ, తూటాను (డొప్ప, మందు, గుండు ఒకటిగా ఉన్నదాన్ని) వెనక నుంచి దూర్చేలా సిలిండర్‌కు, అంటే రివాల్వర్‌లో తిరిగే డ్రమ్ముకు, అటూ ఇటూ రంధ్రం తొలిచే పద్ధతి మీద పేటెంటు హక్కు స్మిత్ అండ్ వెసన్ చేతిలో ఉండేది. అందుకే అంతర్యుద్ధ కాలపు కోల్ట్ రివాల్వర్లు, అంటే 1851 నేవీ, 1860 ఆర్మీ, తూటాలు వాడేవి కావు. సిలిండర్‌లోని ఒక్కో గదిలో (ఛాంబర్‌లో) ముందు వైపు నుంచి మందు పోసి, సీసం గుండు పెట్టి, గొట్టం కింద ఉండే మీటతో దట్టించి, వెనక చిన్న రాగి టోపీ తొడగాలి. ఆరుకీ ఇదే వరస. పేలిన టోపీ ముక్క లోపల పడితే సిలిండర్ బిగుసుకుపోతుంది. ఒక ఛాంబర్ నిప్పు పక్క ఛాంబర్‌కు అంటుకుని రెండూ మూడూ ఒకేసారి పేలడమూ ఉంది. 1866 కథలో నాయకుడు గుర్రం మీద దౌడు తీస్తూ రివాల్వర్ నింపుకున్నాడని రాస్తే పాఠకుడు నవ్వుతాడు. ఆ రోజుల్లో తెలివైనవాడు చేసే పని, నింపి ఉంచిన రెండో రివాల్వర్ బయటికి తీయడం.

1873 నుంచి కథ మారింది. కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ వచ్చింది, అందరి నోటా నలిగిన ‘పీస్‌మేకర్’ అదే. దీన్ని నింపే పద్ధతి తెలిస్తే సగం తుపాకీ సన్నివేశాలు వాటంతటవే కుదురుతాయి. హేమర్‌ను, అంటే తూటాను కొట్టి పేల్చే వెనక మీటను, సగం వరకు లాగి ఆపాలి, అప్పుడు సిలిండర్ చేత్తో తిరుగుతుంది. కుడివైపు చిన్న తలుపు తెరవాలి. పేలిన తూటా డొప్పలను గొట్టం పక్కనున్న కడ్డీతో ఒక్కొక్కటే వెనక్కి తోయాలి. ఆరు డొప్పలకు ఆరు తోపులు. తర్వాత ఒక తూటా పెట్టి, ఒక ఛాంబర్ వదిలేసి, వరసగా నాలుగు పెట్టి, తలుపు మూసి, హేమర్‌ను పూర్తిగా లాగి, బొటనవేలితో పట్టుకుని మెల్లగా దించితే అది సరిగ్గా ఖాళీ ఛాంబర్ మీదకు వచ్చి కూర్చుంటుంది. ఖాళీ ఎందుకంటే, హేమర్ కింద తూటా ఉన్న రివాల్వర్ కిందపడినా, జీను మీద నుంచి రికాబు వచ్చి కొట్టుకున్నా పేలుతుంది. అందుకే ‘సిక్స్ షూటర్’ అని పేరున్నా జాగ్రత్తపరుడి దగ్గర ఉండేవి ఐదే. పోట్లాట తప్పదని ముందే తెలిసినవాడు ఆరోది కూడా పెట్టుకునేవాడు. ఆ ఒక్క చర్యతో అతని మనసులో ఏముందో మాట లేకుండా చెప్పేయొచ్చు.

పాఠకుడు పేలుళ్లు లెక్కపెడతాడు. రచయిత కూడా సన్నివేశం పక్కన మార్జిన్‌లో ఎవరెన్ని కాల్చారో గీతలు గీసుకోవాలి.

తూటాల విషయంలో మావైపు వచ్చే ప్రతుల్లో పదే పదే కనిపించే తప్పొకటుంది. నాయకుడు రివాల్వర్‌కూ వించెస్టర్‌కూ ఒకే ‘45’ రకం తూటాలు వాడేస్తాడు. ఇవాళ దొరికే నకలు రైఫిళ్లలో అది కుదురుతుంది కాబట్టి వీడియోలు చూసి అలా రాస్తున్నారు. 1873 వించెస్టర్‌ను ఆ కాలంలో 45 కోల్ట్ తూటాకు తయారుచేయలేదు. ఆ తూటా అడుగు అంచు మరీ సన్నం, రైఫిల్ లోపలి కొక్కేనికి సరిగా చిక్కదు అనేది దానికి చెప్పే కారణాల్లో ఒకటి. రెంటికీ ఒకే తూటా కావాలంటే నాయకుడి చేతిలో 44-40 రకం కోల్ట్ పెట్టాలి. ఆ తూటాకు కోల్ట్ రివాల్వర్లు 1870ల చివర్లో వచ్చాయి. అంటే కథ 1875లో జరుగుతుంటే అతని నడుము పట్టీలో రెండు రకాల తూటాలు ఉండాల్సిందే, చీకట్లో తడుముకుంటూ తప్పు తూటా తీయాల్సిందే. ఇబ్బందేమీ లేదు, మంచి సన్నివేశం దొరికినట్టే. వించెస్టర్ గొట్టం పొడవు కూడా చూసుకోవాలి. 24 అంగుళాల రైఫిల్‌లో 15 తూటాలు పడతాయి, 20 అంగుళాల కార్బైన్‌లో, అంటే పొట్టి రైఫిల్‌లో, 12.

పొగను మరిచిపోయేవాళ్లు ఇంకా ఎక్కువ. పొగరాని తుపాకీ మందు వాడకంలోకి వచ్చింది 1890లలో. అంతకుముందు బ్లాక్ పౌడరే. (ఈ కథను తెలుగులోకి తెచ్చేవాళ్లు దీన్ని ‘నల్లమందు’ అని మాత్రం రాయకండి, కథ ఇంకెక్కడికో పోతుంది.) 45 కోల్ట్ తూటాలో ఆ మందు 40 గ్రెయిన్ల దాకా పట్టేది. కిటికీలు మూసిన సెలూన్‌లో (అక్కడ సెలూన్ అంటే సారా కొట్టు) ఇద్దరు చెరో ఐదు తూటాలు కాలిస్తే ఎదుటివాడి ముఖం కాదు, దీపం వెలుగే సరిగా కనబడదు. గుంపులో ఎవరు ఎవరిని కాల్చారో కోర్టులో తేలకపోవడానికి అదొక కారణం. మసి చెమ్మ పీల్చుకుని సిలిండర్‌ను బిగదీస్తుంది. పని అయ్యాక వేడి సబ్బునీళ్లతో కడిగి నూనె రాయాలి. రెండు రోజులు కడగని రివాల్వర్‌కు తుప్పు పట్టకపోతే ఆశ్చర్యపోవాలి.

తొడ మీదకు జారిన ఒర, తోలు తాడుతో కాలికి కట్టు, ఇవన్నీ సినిమావాళ్ల సొంత సరుకు. అసలు ఒరలు నడుము పైన ఎత్తుగా, పిడి వరకూ లోతుగా ఉండేవి. గుర్రం మీద పోయేవాడికి తుపాకీ జారిపోకుండా ఉండటం ముఖ్యం, ఎంత వేగంగా తీశాడన్నది తర్వాత. ఎదురెదురుగా నిలబడి తుపాకీ దూసే పోరాటాలూ చాలా అరుదు. అందరూ ఊహించుకునే పద్ధతిలో జరిగిన కొద్దివాటిలో పేరు మోసింది 1865 జులై 21న మిస్సోరీ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వైల్డ్ బిల్ హికాక్, డేవిస్ టట్‌ల మధ్య జరిగింది. దూరం సుమారు 75 గజాలు, చెరో గుండు, టట్ చనిపోయాడు. అంత దూరంలో గెలిపించేది గురి, వేగం కాదు. ‘గన్‌స్లింగర్’ అన్న మాట కూడా 20వ శతాబ్దంలో పుట్టిందే. 1880 కథలో పాత్రలు ‘గన్‌మ్యాన్’, ‘షూటిస్ట్’ అనాలి. పుస్తకం అట్ట మీద గన్‌స్లింగర్ అని వేసుకోండి, అది అమ్మకానికి పనికొచ్చే మాట. పాత్ర నోట మాత్రం పెట్టకండి. ‘ఓకే’ మాత్రం 1839 నుంచే అచ్చులో ఉంది. అది ఆధునికమని కొట్టేసే ఎడిటర్లున్నారు, వాళ్ల మాట వినక్కర్లేదు.

ఇక 1881 అక్టోబర్ 26, అరిజోనా టెరిటరీలోని టూంబ్‌స్టోన్. ఓకే కొరాల్ కాల్పులంటే అక్కడ చిన్నపిల్లలకూ తెలుసు. కొరాల్ అంటే పశువుల దొడ్డి. అర నిమిషంలో 30 తూటాల దాకా పేలి ముగ్గురు చనిపోయిన ఆ ఘటన జరిగింది కొరాల్‌లో కాదు, ఒక ఫొటో స్టూడియో పక్కనున్న ఇరుకు ఖాళీ స్థలంలో. పైకి చూపిన కారణమూ గమనించదగ్గది. ఊళ్లో ఆయుధం ధరించి తిరగకూడదన్న పురపాలక నిబంధన అప్పటికే అమల్లో ఉంది. డాడ్జ్ సిటీలోనూ అలాంటి నిషేధమే ఉండేది. మరి మన కుర్రాళ్లు రాసే కథల్లో నాయకుడు రెండు తుపాకులతో నడివీధిలో నడిచి వెళ్తుంటే మార్షల్ పక్కనుండి సలామ్ కొడుతుంటాడు! తుపాకీ అప్పగించమని అడిగే సన్నివేశంలోనే ఎంత బిగువు ఉందో వాళ్లు చూసుకోవడం లేదు. షెరిఫ్ అంటే కౌంటీకి ఎన్నికైనవాడు, టౌన్ మార్షల్ ఊరికి పోలీసు, డెప్యూటీ యూఎస్ మార్షల్ కేంద్రం మనిషి. మన ఎస్సై పరిధి, ఎస్పీ పరిధి, సీబీఐ పరిధి ఎలా వేరో అవీ అంతే. అరిజోనా, న్యూమెక్సికో 1912 దాకా రాష్ట్రాలే కావు. అక్కడ గవర్నర్‌ను జనం ఎన్నుకున్నట్టు రాయకూడదు.

గుర్రానికి పెట్రోలు పోస్తే చాలన్నట్టు రాస్తారు. గుర్రం నడక గంటకు 4 మైళ్లు. నడక, దుడుకు నడక కలిపి రోజూ తిప్పితే 25 నుంచి 35 మైళ్లు. పూర్తి దౌడు మైలో రెండు మైళ్లో, ఆ తర్వాత రొప్పుతుంది. రాత్రంతా దౌడు తీయించి తెల్లారి మళ్లీ ఎక్కితే అది చచ్చిపోవాలి, లేదా నాయకుడు కాలినడకన పోవాలి. పోనీ ఎక్స్‌ప్రెస్ 1860, 1861లలో అంత వేగంగా టపా మోసిందంటే 10, 15 మైళ్లకోసారి గుర్రం మార్చబట్టే. నీళ్లు రోజుకు ఐదు నుంచి పది గ్యాలన్లు కావాలి, ఎండలో ఇంకా ఎక్కువ. అందుకని కథ రాసేముందు ఆ ప్రాంతపు పటం ముందేసుకుని నీటి మడుగుల మధ్య దూరాలు కొలవాలి. పశువుల మందతో పోయే కథయితే రోజుకు 10 నుంచి 15 మైళ్లే. రెండు మూడు వేల పశువులకు పది పన్నెండు మంది కౌబాయ్‌లు, వంటవాడు, విడి గుర్రాలు చూసుకునే కుర్రాడు. జీతం నెలకు 25 నుంచి 40 డాలర్లు. అలాంటివాడు సెలూన్‌లో 20 డాలర్ల బంగారు నాణెం విసిరేసి చిల్లర వద్దన్నాడంటే అతని మీద అనుమానం రావాలి.

చిన్నచిన్నవి ఇంకా ఉన్నాయి. గ్లిడెన్ ముళ్ల తీగ పేటెంటు 1874ది, అంతకుముందు పచ్చిక మైదానాల్లో ముళ్ల కంచె దాదాపు లేనట్టే. సినిమాల్లో గాలికి దొర్లే ఆ ముళ్ల పొద రష్యా నుంచి అవిసె విత్తనాలతో కలిసి 1870లలో దక్షిణ డకోటా వైపు దిగింది, 1865 టెక్సాస్ వీధిలో దొర్లదు. లీవైస్ రివెట్ ప్యాంటు 1873లో వచ్చింది గానీ దానికి బెల్టు దూర్చే లూపులు వచ్చింది 1922లో. అందుకే అట్ట మీద బొమ్మ కొనేటప్పుడు నడుము దగ్గర చూడాలి. ఈనాటి మోడల్ ఈనాటి జీన్స్‌తో, రెండు వైపులా పైకి మడిచిన టోపీతో నిలబడి ఉంటే లోపల ఎంత శ్రద్ధగా రాసినా పాఠకుడు లోపలికి రాడు.

మనుషుల గురించి ఒక మాట. ‘రెడ్ ఇండియన్లు’ అని గుంపుగా రాసే అలవాటు మన తెలుగులో ఉంది, ఇంగ్లిష్ పుస్తకంలోకి తేకూడదు. కొమాంచీలు వేరు, అపాచీలు వేరు, లకోటాలు వేరు. ఏ సంవత్సరంలో ఎవరు ఎక్కడ ఉన్నారో కూడా తేడాలే. కౌబాయ్‌లలో నల్లజాతివాళ్లు, మెక్సికన్లు పెద్ద సంఖ్యలో ఉండేవారు. అసలు లారియట్ (ఉచ్చు తాడు), చాప్స్ (కాళ్ల మీద తొడిగే తోలు కవచం), బకరూ (కౌబాయ్) అన్నీ స్పానిష్ మాటల నుంచి వచ్చినవే. బానిసగా పుట్టి 1875లో డెప్యూటీ యూఎస్ మార్షల్ అయిన బాస్ రీవ్స్ లాంటివాడి జీవితం చరిత్రలో ఉండగా మళ్లీ అదే తెల్ల టోపీ నాయకుడిని అరువు తెచ్చుకోవడం ఎందుకో అర్థం కాదు. భాషలోనూ జాగ్రత్త కావాలి. టెక్సాస్ గడ్డంవాడు ‘కజిన్ బ్రదర్’ అన్నాడంటే గుట్టు రట్టయినట్టే.

రాయడం అయింది, అమ్మకం సంగతి. నెలకో నవల అన్నారు మీరు. వెస్ట్రన్‌లో 45 వేల నుంచి 60 వేల మాటల పుస్తకం చెల్లుతుంది, నిజమే, లావు నవలలు అక్కర్లేదు. కానీ ఒక్క పుస్తకంతో ప్రకటనల ఖర్చు రాదు. ఉదాహరణకు లెక్క వేస్తాను. అమెజాన్ ప్రకటన మీద ఒక్కో క్లిక్‌కు 40 సెంట్లు పడిందనుకుందాం. 12 మంది క్లిక్ చేస్తే ఒకరు కొన్నారు. అంటే ఒక అమ్మకానికి 4.80 డాలర్లు ఖర్చు. 2.99 డాలర్ల పుస్తకం మీద, ఫైలు సైజును బట్టి కోసుకునే డెలివరీ రుసుము పోగా, చేతికొచ్చేది 2 డాలర్లు. 100 ప్రతులు అమ్మితే 480 ఖర్చు, 200 రాబడి. మునిగినట్టే.

అదే ఐదు పుస్తకాల వరస ఉండి, తర్వాతి నాలుగూ 3.99కి పెట్టి, మొదటిది కొన్న 100 మందిలో 50 మంది రెండోది, 40 మంది మూడోది, 34 మంది నాలుగోది, 30 మంది ఐదోది కొన్నారనుకోండి. ఆ 154 ప్రతుల మీద ఒక్కోదానికి 2.70 చొప్పున 415 చిల్లర. మొదటి 200 కలిపితే 615. ఖర్చు పోను 135 డాలర్లు మిగలాలి. ఇందులోంచి అమెరికా పన్ను పోవాలి. డబ్ల్యూ-8 బెన్ ఫారంలో పాన్ నంబరు ఇచ్చి భారత్–అమెరికా పన్ను ఒప్పందం కింద నింపితే అమెరికా అమ్మకాల రాయల్టీలో 15 శాతం కోస్తారు, నింపకపోతే 30. 15 శాతమంటే 92 డాలర్లు, అదీ ఖర్చులు తీయకముందు రాబడి మీద. చివరికి చేతిలో ఉండేది 43. అక్కడ కోసిన పన్నును ఇక్కడి రిటర్న్‌లో సర్దుబాటు కోరవచ్చు, అది వేరే పని. మీ వ్యాసంలో ఈ 615 లాంటి అంకెనే సంపాదన అన్నారు.

కాబట్టి కనీసం మూడు పుస్తకాలు చేతిలో సిద్ధమయ్యేదాకా ప్రకటనల జోలికి పోకపోవడం మేలు. మూడో పుస్తకం పూర్తయ్యాక మొదటిది వదిలి, మిగతావి నెల, నెలన్నర ఎడంతో వదిలితే పాఠకుడి జ్ఞాపకం చల్లారదు. ప్రీ-ఆర్డర్ పెడితే తుది ఫైలు విడుదలకు 72 గంటల ముందే ఎక్కించాలి. ఎక్కించలేక రద్దు చేసుకుంటే ఏడాదిపాటు మళ్లీ ప్రీ-ఆర్డర్ ఇవ్వరు.

కిండిల్ అన్‌లిమిటెడ్‌లో చేర్చాలా వద్దా అన్నది ఇంకో తలనొప్పి. ఇది చందాదారులు చదివిన పేజీలకు డబ్బిచ్చే పద్ధతి, ‘సెలెక్ట్’ అనే పథకం ద్వారా ఇందులో చేరాలి. పేజీకి అర సెంటు లోపే. 250 పేజీలు చివరిదాకా చదివితే డాలరు, మహా అయితే డాలరుంబావు. వెస్ట్రన్ పాఠకులు వరసపెట్టి చదివే రకం కాబట్టి ఈ ప్రక్రియకు అది బాగానే సరిపోతుంది. అయితే చేరిన 90 రోజులూ ఆ ఈ-బుక్ ఇంకెక్కడా ఉండకూడదు. సొంత వెబ్‌సైట్‌లో ఉచితంగా కూడా పదో వంతుకు మించి పెట్టకూడదు. మొదట రెండు అధ్యాయాలు ఏదో యాప్‌లో పెట్టి, ఊపులో మొత్తం అక్కడే ఎక్కించి, తర్వాత సెలెక్ట్‌లో టిక్ కొట్టినవాళ్ల ఖాతాకు హెచ్చరిక వస్తుంది. 90 రోజులయ్యాక టిక్ దానంతటదే కొనసాగుతుంది, తీసేయాల్సింది మనమే. అచ్చు పుస్తకానికి ఈ నియమం లేదు. భారత్ దుకాణంలో 70 శాతం రావాలన్నా సెలెక్ట్‌లో ఉండాల్సిందే.

అచ్చు ప్రతిలో చాలామంది వదిలేసేది పెద్దక్షరాల కూర్పు. 16 పాయింట్ల అక్షరంతో విడిగా ఒక ప్రతి తయారుచేస్తే చూపు తగ్గిన పాఠకులున్న ఈ ప్రక్రియలో అది బాగా కదులుతుంది. ధర 9.99 డాలర్లకు తక్కువ పెట్టకండి. ఆ గీత కింద రాయల్టీ 60 నుంచి 50 శాతానికి పడిపోతుంది, అచ్చు ఖర్చు కూడా అందులోంచే పోతుంది.

విభాగాలు మూడే ఎంచుకోనిస్తారు. అక్కడ ‘వెస్ట్రన్ రొమాన్స్’ గుంపు ఎక్కువని అందులో దూరితే చొక్కా లేని అట్టల మధ్య మీ ముసలి మార్షల్ ఒంటరిగా నిలబడాలి. ఆ పాఠకులు వేరు, ఈ పాఠకులు వేరు, ఇద్దరూ తిడతారు. కీలక పదాలకు ఏడు గళ్లు, గడికి 50 అక్షరాలు. వాటిలో పేరున్న రచయితల పేర్లు ఇరికించడం నియమ విరుద్ధం. ‘బౌంటీ హంటర్ పగ కథలు’, ‘క్యాటిల్ డ్రైవ్ సాహసం’ లాంటివి, పాఠకుడు వెతికే గదిలో నిజంగా టైపు చేసే మాటలు ఉండాలి. అట్టను 2560 ఎత్తు, 1600 వెడల్పు పిక్సెళ్లలో తయారుచేసి, బొటనవేలి గోరంత చేసి చూడండి. అప్పుడూ పేరు చదవగలిగితే చాలు.

సమీక్షల దగ్గర మనవాళ్లు చేసే పొరపాటు మరీ మనదే. డాలస్‌లో బావగారు, న్యూజెర్సీలో పిన్నిగారి అబ్బాయి, వాట్సాప్ గ్రూపులో పదిహేను మంది, అందరూ ఒకే రోజు ఐదేసి నక్షత్రాలు వేస్తారు. బంధుమిత్రుల సమీక్షలు అమెజాన్ నియమాలకు విరుద్ధం, కనిపెట్టి తీసేస్తుంది, ముదిరితే ఖాతాకే ముప్పు. అవి ఉన్నన్నాళ్లూ ఇంకో నష్టం కూడా ఉంది. కొన్న బావగారు అంతకుముందు కొన్నది ప్రెషర్ కుక్కరు, పట్టీల బ్యాగు. దాంతో ఈ పుస్తకం ఎవరికి చూపాలో అమెజాన్ సిఫారసు యంత్రానికే తికమక. ముందస్తు ప్రతులు ఇవ్వాల్సింది ఈ కథలు చదివే అపరిచితులకు, విడుదలకు మూడు నాలుగు వారాల ముందు. పుస్తకం చివరి పేజీలో ఒక ఉచిత చిన్నకథ ఇస్తామని చెప్పి ఈమెయిల్ తీసుకోండి. ఆ జాబితా నెమ్మదిగా పెరుగుతుంది కానీ దాన్ని ఎవరూ లాక్కోలేరు. అమెరికా చట్టం ప్రకారం అలాంటి ఉత్తరం కింద అసలైన పోస్టల్ చిరునామా ఉండాలి. ఇంటి నంబరు వేయడం ఇష్టం లేకపోతే పోస్టాఫీసులో బాక్సు తీసుకోండి.

యంత్రం చేత రాయించి నెలకు నాలుగు వదులుదామనుకునేవాళ్లకు: ఏఐ తయారుచేసిన పాఠమైతే ఎక్కించేటప్పుడే ప్రకటించాలని 2023 నుంచి కేడీపీ, అంటే కిండిల్‌లో పుస్తకాలు ఎక్కించే అమెజాన్ వేదిక, అడుగుతోంది. దాన్ని పక్కనపెట్టినా, యంత్రం రాసిన కాల్పుల్లో సిలిండర్‌లో తొమ్మిదో తూటా కూడా పేలుతుంది.

సవరణ వేసేటప్పుడు రాయల్టీ అంకెతోపాటు ఇంకొకటి చూడగలరు. వ్యాసం పైన వేసిన బొమ్మలో చేతులెత్తిన మనిషిలా ఉన్న ఆ పెద్ద కాక్టస్ పేరు సవారో. అది పెరిగేది సొనోరన్ ఎడారిలో, అంటే అరిజోనాలోనూ దానికి ఆనుకున్న మెక్సికోలోనూ. మీరు బొమ్మ కింద టెక్సాస్ అని వేశారు.

ఇట్లు,
ఇంగ్లిష్ నవలల కాపీ ఎడిటర్,
విజయవాడ